అక్షరానికి రంగు... చూపుకు ఆసరా

సాయంత్రం ఆరున్నర. ఎడిసన్‌లోనో, ఇర్వింగ్‌లోనో, ఫ్రీమాంట్‌లోనో ఒక తెలుగు ఇల్లు. వంటింటి పక్కన బల్ల దగ్గర నాలుగో తరగతి కుర్రాడు పుస్తకం ముందేసుకుని కూర్చున్నాడు. ఒక్క పేజీ చదవడానికి నలభై నిమిషాలు. మూడో లైను చదివి ఐదో లైనులోకి దూకుతాడు. మళ్లీ వెనక్కొస్తాడు. పెన్సిల్ కింద పడేస్తాడు, దానికోసం వంగి అక్కడే ఉండిపోతాడు. 'కళ్లు పుస్తకం మీదే ఉన్నాయి, మనసెక్కడుంది నాన్నా?' అని అమ్మ అడుగుతుంది. వాడికే తెలిస్తే చెప్పడా? ఆఫీసు కాల్ ముగించుకుని వచ్చిన నాన్న, 'కరెంటు పోతే నలుగురు అన్నదమ్ములం ఒకే లాంతరు చుట్టూ కూర్చుని చదివాం. వీడికి అన్నీ ఉన్నాయి, భయమొక్కటే లేదు' అని తీర్పు చెప్పేస్తాడు.

అదే వారం బడి నుంచి టీచర్ రాసిన ఉత్తరం వస్తుంది. పాఠంలో ముఖ్యమైన మాటలు రంగు పెన్నుతో గుర్తుపెట్టి ఇస్తే మీవాడు బాగా చదువుతున్నాడు, ఇంట్లో కూడా ప్రయత్నించండి అని ఒక సగం. ఏకాగ్రత విషయంలో ఓసారి పరీక్ష చేయిద్దాం, మీ అనుమతి కావాలి అని రెండో సగం. మొదటి సగం చదివి మనవాళ్లు అదే రోజు హైలైటర్ల డబ్బా కొనేస్తారు. రెండో సగాన్ని మడిచి సొరుగులో పెట్టేస్తారు.

ఇలాంటి ఇళ్లు మనలో ఒకటీ అరా కాదు. అందుకే ఈ రెండు సగాల గురించీ మాట్లాడుకోవడం అవసరం. రంగు అక్షరం ఏం చేయగలదు? ఏం చేయలేదు? దాన్ని అడ్డం పెట్టుకుని మనం దేన్ని దాచిపెడుతున్నాం?

ముందు లెక్క చూద్దాం. అమెరికా వ్యాధి నియంత్రణ సంస్థ సీడీసీ 2022 జాతీయ సర్వే ప్రకారం, ఈ దేశంలో 3 నుంచి 17 ఏళ్ల లోపు పిల్లల్లో 11.4 శాతం మందికి ఎప్పుడో ఒకప్పుడు ఏడీహెచ్‌డీ ఉన్నట్టు వైద్యులు చెప్పారు. అంటే సుమారు 70 లక్షల మంది. తొమ్మిది మందిలో ఒకరు. ఈ లెక్కలో తెలుగు పిల్లలు ఉండరని అనుకోవడానికి ఏ కారణమూ లేదు. మనం చెప్పుకోం, అంతే తేడా.

ఏడీహెచ్‌డీ అంటే ఒక్కచోట కూర్చోకుండా గంతులేయడమే అని చాలామంది అభిప్రాయం. అది ఒక రకం మాత్రమే. ఏ అల్లరీ చేయకుండా, మాటకు మాట ఎదురు చెప్పకుండా, కిటికీలోంచి చూస్తూ కూర్చునే పిల్లల్లో కూడా ఇది ఉంటుంది. ఆడపిల్లల్లో ఈ రెండో రకాన్ని చాలాసార్లు గుర్తించరు. 'మా అమ్మాయి చాలా నెమ్మది, కాస్త మతిమరుపు' అంటూ ఏళ్లు గడిపేస్తారు. ఇది తెలివికి సంబంధించింది కాదు, పెంపకంలో లోపమూ కాదు. మెదడు పనిచేసే తీరులో ఉన్న తేడా.

మనవాళ్లకు అర్థమయ్యేలా చెప్పాలంటే అష్టావధానం గుర్తుచేసుకుంటే చాలు. ఎనిమిది మంది పృచ్ఛకుల్లో ఒకరు అప్రస్తుత ప్రసంగి. అవధాని పద్యం కడుతుంటే మధ్యలో దూరి సంబంధం లేని ప్రశ్న వేసి ఏకాగ్రత చెడగొట్టడమే ఆయన పని. ఈ పిల్లల బుర్రలో ప్రతి పేజీకీ ఒక అప్రస్తుత ప్రసంగి తిష్ఠ వేసుకుని ఉంటాడు. అవధాని ఎన్నో ఏళ్లు సాధన చేసి వేదిక ఎక్కుతాడు. ఈ పసివాణ్ణి ఏ సాధనా లేకుండా రోజూ ఎక్కిస్తున్నాం. తడబడితే చివాట్లు పెడుతున్నాం.

కళ్లు ఎక్కడ తప్పిపోతాయి?

చదివేటప్పుడు కన్ను లైను వెంబడి నీళ్లు పారినట్టు సాఫీగా సాగదు. కప్పలా గెంతుతుంది. ఒకచోట దాదాపు పావు సెకను ఆగుతుంది, అక్కణ్ణించి ఏడెనిమిది అక్షరాలు ముందుకు దూకుతుంది, మళ్లీ ఆగుతుంది. లైను అయిపోయాక పేజీ ఆ చివర నుంచి ఈ చివరకు ఒక్క ఉరుకున వచ్చి కింది లైను మొదట్లో వాలాలి. మామూలుగా చదివేవాళ్లకు ఇదంతా తెలియకుండానే జరిగిపోతుంది. ధ్యాస నిలవని పిల్లవాడికి ఆ ఉరుకులోనే దారి తప్పుతుంది. చదివిన లైనునే మళ్లీ చదువుతాడు, లేకపోతే ఒక లైను వదిలేస్తాడు. అర్థం తెగిపోతుంది. అర్థం తెగితే విసుగు. విసుగొస్తే పెన్సిల్ కింద పడుతుంది.

ఇది మన పెద్దవాళ్లకు తెలియని సంగతి కాదు. వీధి బడిలో పంతులుగారు చీపురుపుల్ల విరిచి చేతికిచ్చి, అక్షరం కింద పెట్టి చదవమనేవారు. వేలు పెట్టి చదవడం ఆ తర్వాత మొరటు అనిపించుకుంది గానీ, చూపును లైనుకు కట్టేయడానికి అంతకంటే చౌకైన పనిముట్టు లేదు. ఇంకా వెనక్కి వెళితే తాటాకు. గంటంతో గీసిన అక్షరం గీసినంతసేపూ కంటికి సరిగ్గా ఆనదు. దాని మీద మసి పూసి తుడిస్తే, గీతల్లో నలుపు నిలిచి అక్షరం పైకి తేలుతుంది. అక్షరాన్ని కంటికి అందించడం చదువులో భాగమేనని ఆ రోజుల్లోనే ఒప్పుకున్నారన్నమాట. రంగు వాడితే పిల్లలు బద్ధకస్తులైపోతారని భయపడే పెద్దలు ఈ మాట గుర్తుంచుకోవాలి.

రంగు చేసే పని

సరైన చోట పెట్టిన రంగు మూడు పనులు చేస్తుంది.

మొదటిది, ఎక్కడ చూడాలో చెబుతుంది. 1933లో హెడ్విగ్ వాన్ రెస్టార్ఫ్ అనే జర్మన్ శాస్త్రవేత్త ఒక సంగతి నిరూపించారు. ఒకేలా ఉన్న వాటి మధ్య ఒక్కటి వేరుగా ఉంటే మనసు దాన్నే పట్టుకుంటుంది, గుర్తూ పెట్టుకుంటుంది. మన గోడ క్యాలెండర్ చేసేది ఇదే. ఆదివారాలూ పండగలూ ఎర్ర అంకెల్లో ఉంటాయి కాబట్టే సెలవు ఎప్పుడో చటుక్కున కనపడుతుంది. ముప్ఫై అంకెలూ ఎర్రగా అచ్చేస్తే ఆ ఎరుపుకి విలువేముంది?

రెండోది, లైను తప్పకుండా పట్టుకుంటుంది. ఒక్క లైను మాత్రమే కనపడేలా లేత రంగు పట్టీ పెట్టడం పాత పద్ధతి. బీలైన్ రీడర్ వంటి సాఫ్ట్‌వేర్లు 2010ల నుంచి ఇంకో అడుగు ముందుకేశాయి. అక్షరాల రంగు లైను పొడుగునా మెల్లగా మారుతూ వెళుతుంది. లైను ఏ రంగులో ముగుస్తుందో, కింది లైను అదే రంగులో మొదలవుతుంది. ఎరుపులో ముగిస్తే ఎరుపును వెతుక్కుంటే చాలు, దారి తప్పదు. కొందరు పిల్లలకు ఇది హాయిగా ఉంటుంది, కొందరికి చికాకు. వాడి చూస్తేగానీ ఎవరికేదో తెలియదు.

మూడోది, కలగాపులగంగా ఉన్నదాన్ని విడదీస్తుంది. లెక్కల్లో ఇది బాగా పనికొస్తుంది. తీసివేత గుర్తు కళ్ల ముందే ఉన్నా పిల్లవాడు కూడేస్తాడు. లెక్క రాక కాదు, గుర్తు మీద ధ్యాస నిలవక. కూడిక గుర్తు చుట్టూ నీలం, తీసివేత గుర్తు చుట్టూ నారింజ రంగు గీయమనండి. గీయడానికి ఆగిన ఆ ఒక్క క్షణమే వాడికి కావలసిన ఏకాగ్రత. పనిచేసింది రంగు మాత్రమే కాదు, రంగు వేయడానికి చేయి ఆగడం కూడా.

దీనికి పరిశోధన ఆధారం లేకపోలేదు. పర్డ్యూ విశ్వవిద్యాలయంలో ప్రత్యేక విద్య బోధించిన సిడ్నీ జెంటాల్ 1980లలో ఇలాంటి పిల్లల మీద రంగు ప్రభావాన్ని పరిశీలించారు. వీళ్ల మెదడుకు మామూలు నల్లని పేజీ చాలినంత ఉత్తేజం ఇవ్వదు, అందుకే అది ఉత్తేజాన్ని బయట వెతుక్కుంటుంది అన్నది ఆమె సిద్ధాంతం. రంగు ఆ ఉత్తేజాన్ని పేజీలోనే ఇవ్వగలదు. అయితే ఆమె పరిశోధనల్లో మనం పట్టుకోవాల్సిన మాట వేరే ఉంది. రంగు పాఠంలో ముఖ్యమైన చోట ఉండాలి. ఎక్కడ పడితే అక్కడ చల్లితే అది సాయం కాదు, ఇంకో అప్రస్తుత ప్రసంగి.

రంగు చేయలేని పని

ఇక నాణేనికి రెండో వైపు. కాలేజీ పిల్లల పుస్తకాలు చూస్తే పేజీ పేజీ అంతా పసుపు పూసి పెళ్లి శుభలేఖల్లా ఉంటాయి. చదివినట్టు తృప్తి మిగులుతుంది తప్ప బుర్రలో మిగిలేది తక్కువ. జాన్ డన్‌లోస్కీ బృందం 2013లో విద్యార్థులు వాడే పది చదువు పద్ధతులను బేరీజు వేసింది. గీతలు గీయడం, హైలైట్ చేయడం తక్కువ ప్రయోజనం ఉన్నవాటి కిందకు వచ్చాయి. పుస్తకం మూసి తనను తాను ప్రశ్నించుకోవడం, చదువును రోజుల తరబడి విడతలుగా సాగించడం అన్నిటికంటే పైన నిలిచాయి. కాబట్టి రంగు వేయడంతో పని అయిపోదు. రంగు వేసిన మాటను పుస్తకం మూసి చెప్పగలిగితేనే ఆ రంగు సార్థకం.

ఇంకో ప్రమాదం బజారులో ఉంది. రంగు కళ్లద్దాలు, పేజీ మీద పరిచే రంగు ప్లాస్టిక్ కాగితాలు పెడితే చదువు ఇబ్బందులు తీరిపోతాయన్న ప్రచారం 1980ల నుంచి సాగుతోంది. కాలిఫోర్నియాలో హెలెన్ ఇర్లెన్ దీన్ని ప్రాచుర్యంలోకి తెచ్చారు. బ్రిటన్ బడుల్లోనూ ఈ రంగు కాగితాల వాడకం పెరిగింది. కానీ అమెరికన్ పిల్లల వైద్యుల సంఘం, కంటి వైద్యుల సంఘాలు 2009లో కలిసి చేసిన ప్రకటనలో, చదువు సంబంధ వైకల్యాలకు రంగు అద్దాలూ రంగు కాగితాలూ చికిత్స అనడానికి తగిన ఆధారం లేదని తేల్చి చెప్పాయి. బ్రిటన్‌లో 2016లో వెలువడిన సమీక్ష కూడా అదే మాట చెప్పింది. 2022లో పదం మొదటి అక్షరాలను లావుగా చేసి చూపే పద్ధతి ఇంటర్నెట్‌లో హోరెత్తింది. తర్వాత జరిగిన పరీక్షల్లో చదివే వేగం పెరిగిన దాఖలా కనిపించలేదు.

పిల్లవాడికి లేత నీలం కాగితం హాయిగా ఉందంటే వాడుకోనివ్వండి, పోయేదేం లేదు. దానికి చికిత్స అని పేరు పెట్టి వందల డాలర్లు గుంజుతుంటే మాత్రం ఒక్క క్షణం ఆగాలి. ఏడీహెచ్‌డీకి ఏం చేయాలో పిల్లల వైద్యుల సంఘం 2019లో వివరంగా చెప్పింది. ఆరేళ్ల లోపు చిన్నవాళ్లకు ముందుగా తల్లిదండ్రులకు శిక్షణ ఇచ్చి పిల్లల ప్రవర్తనను దారిలో పెట్టడం, ఆరు దాటినవాళ్లకు వైద్యుడి పర్యవేక్షణలో మందులు, ప్రవర్తన శిక్షణ, వీటితోపాటు బడిలో తగిన సాయం. రంగు అక్షరం ఈ చివరిదాంట్లో ఒక చిన్న భాగం. కర్ర పట్టుకుంటే నడక తేలికవుతుంది, కాలికి కట్టు అవసరమైతే కట్టు కట్టాల్సిందే.

సొరుగులో పెట్టిన సగం

ఇప్పుడు అసలు విషయానికి వద్దాం. హైలైటర్ కొన్నంత తేలిగ్గా ఆ అనుమతి పత్రం మీద సంతకం ఎందుకు పెట్టలేకపోతున్నాం?

నలుగురికీ తెలిస్తే ఏమనుకుంటారో అన్నది మొదటి భయం. వారాంతపు విందులో ఎవరి అబ్బాయి ఏ పోటీలో నెగ్గాడో చెప్పుకుంటుంటే, 'మావాడికి ఏకాగ్రత సమస్య' అని చెప్పే నోరు రాదు. ఊళ్లో ఉన్న అమ్మమ్మ నాయనమ్మలకు చెబితే 'పిల్లాణ్ణి పిచ్చాసుపత్రికి తీసుకెళ్తారా?' అని ఏడుస్తారు. 2007లో వచ్చిన 'తారే జమీన్ పర్' సినిమా చూసి కన్నీళ్లు పెట్టుకోనివాళ్లు మనలో తక్కువ. అది డిస్లెక్సియా కథ, ఏడీహెచ్‌డీ వేరు, రెండూ ఒకే పిల్లవాడిలో ఉండటమూ ఉంది. తెర మీది పిల్లవాడి కోసం ఏడ్చిన మనమే, పక్క గదిలో పుస్తకం ముందు కుస్తీ పడుతున్న వాణ్ణి చూసి బద్ధకం అంటున్నాం.

ఇక రెండో భయం రికార్డుల గురించి. ఈ ముద్ర పడితే కాలేజీ సీటు రాదేమో, వీసాకో గ్రీన్ కార్డుకో అడ్డొస్తుందేమో అని గుసగుసలు వినపడుతుంటాయి. ప్రత్యేక విద్య హక్కు ప్రభుత్వ బడిలో చదివే పిల్లవాడిది. తల్లిదండ్రులు ఏ వీసా మీద ఉన్నారన్న దానితో దానికి సంబంధం లేదు. బడి రికార్డులకు 1974 నాటి ఫెర్పా చట్టం రక్షణ ఉంది. తల్లిదండ్రుల అనుమతి లేకుండా వాటిని మామూలుగా బయటివారికి ఇవ్వకూడదు. పరీక్షలో అదనపు సమయం తీసుకున్నవాళ్ల శాట్ మార్కుల పక్కన గుర్తు పెట్టే పద్ధతి ఒకప్పుడు ఉండేది. దాన్ని 2003లోనే ఎత్తేశారు.

'మార్కులు బాగానే వస్తున్నాయి కదా' అనుకోవడం ఇంకో పొరపాటు. మన ఇళ్లలో ఇదే ఎక్కువ. అమ్మ పక్కన కూర్చుని రాత్రి పదకొండు దాకా చదివిస్తే మార్కులు వస్తాయి. తోటిపిల్లలు గంటలో ముగించే పనికి వీడికి నాలుగు గంటలు పట్టిన సంగతి మార్కుల కాగితం చెప్పదు. మంచి మార్కులు వస్తున్నాయన్న ఒక్క కారణంతో ఏడీహెచ్‌డీ పిల్లలకు సాయం నిరాకరించరాదని అమెరికా విద్యా శాఖ పౌరహక్కుల విభాగం 2016లో స్పష్టంగా రాసింది. హైస్కూల్లో పాఠాలు బరువెక్కాక, అమ్మ పక్కన కూర్చోలేని రోజు వచ్చాక, ఒక్కసారిగా కుప్పకూలే పిల్లలు వీళ్లే. అప్పటికి వాడి మనసులో 'నేను మొద్దుని' అన్న మాట రాయి మీద గీతలా పడిపోయి ఉంటుంది. పోయిన మార్కులు మళ్లీ తెచ్చుకోవచ్చు. ఆ మాట చెరపడమే కష్టం.

చట్టం మనవైపే ఉంది. 1973 నాటి పునరావాస చట్టంలోని 504వ సెక్షన్, 1975లో పుట్టి తర్వాత ఐడియాగా పేరు మారిన ప్రత్యేక విద్యా చట్టం ఈ పిల్లలకు ఆసరా. పరీక్ష చేయమని తల్లిదండ్రులు తామే బడికి రాసి అడగవచ్చు. నోటిమాటగా కాదు, తేదీ వేసి ఉత్తరం ఇవ్వండి, ఒక నకలు దగ్గర పెట్టుకోండి. ప్రభుత్వ బడి ఈ పరీక్షకు పైసా తీసుకోకూడదు. మీరు సంతకం చేసి అనుమతి ఇచ్చిన నాటి నుంచి 60 రోజుల్లో ముగించాలని సమాఖ్య నిబంధన. రాష్ట్రం సొంత గడువు పెట్టుకుంటే ఆ గడువు వర్తిస్తుంది. పిల్లవాడి ప్రణాళిక గురించి జరిగే సమావేశంలో ఇంగ్లీషు ఇబ్బంది అయితే దుభాషిని అడిగే హక్కు కూడా ఉంది. పరీక్షకు అనుమతి ఇచ్చినంత మాత్రాన మందులకు ఒప్పుకున్నట్టు కాదు. మందు ఇవ్వాలా వద్దా అన్నది మీరూ మీ వైద్యుడూ కూర్చుని తేల్చుకునే విషయం. పైగా పరీక్షలో ఏడీహెచ్‌డీ కాదని తేలవచ్చు. చూపు సమస్య, నిద్ర చాలకపోవడం, వినికిడి, ఆందోళన, ఏదైనా కావచ్చు. అది తెలియడం కూడా లాభమే.

రంగు విషయంలోనూ ఈ కాగితం అవసరం పడుతుంది. కాలిఫోర్నియా, వాషింగ్టన్ లాంటి రాష్ట్రాల్లో పిల్లలు రాసే స్మార్టర్ బ్యాలెన్స్‌డ్ పరీక్షలో హైలైటర్ అందరికీ ఉంటుంది. తెర వెనుక రంగు, అక్షరాల రంగు మార్చుకునే సదుపాయం మాత్రం బడి ముందుగా నమోదు చేసినవాళ్లకే తెరుచుకుంటుంది. ఇంట్లో ఏడాదంతా లేత రంగు పేజీ మీద చదివిన పిల్లవాడు పరీక్ష రోజు తెల్లని తెర ముందు కూర్చోవలసి వస్తే తప్పెవరిది? వాడికి పనికొచ్చిన పద్ధతిని బడి ప్రణాళికలో రాయించడం మన పని. బ్రిటన్‌లో, గల్ఫ్‌లో ఉన్న పాఠకులకు చట్టాల పేర్లు వేరు గానీ, రాసి అడగడం అనే సూత్రం ఒకటే. ఇండియాకు తిరిగి వెళ్లే ఆలోచన ఉన్నవాళ్లకు ఇంకో మాట. అక్కడి 2016 వికలాంగుల హక్కుల చట్టం గుర్తించిన 21 వైకల్యాల్లో నిర్దిష్ట అభ్యసన వైకల్యం ఉంది గానీ ఏడీహెచ్‌డీ పేరు విడిగా లేదు. కాబట్టి ఇక్కడి నివేదికలన్నీ భద్రంగా వెంట తీసుకెళ్లాలి.

ఇంట్లో ఎలా?

ఖర్చు లేని పద్ధతులతోనే మొదలుపెట్టవచ్చు. పిల్లవాడితో కూర్చుని మూడే మూడు రంగులు ఎంచుకోండి. పసుపు ముఖ్యమైన విషయానికి, నీలం కొత్త మాటకు, నారింజ అర్థం కానిదానికి అని నియమం పెట్టుకోండి. అన్ని సబ్జెక్టులకూ అదే నియమం. రోజుకో అర్థం మారితే రంగు మోసం చేస్తుంది. రంగు పేరును ఇంకో రంగులో అచ్చేస్తే ఆ సిరా రంగు చెప్పడానికి పెద్దవాళ్లు కూడా తడబడతారని 1935లో అమెరికాలో జాన్ రిడ్లీ స్ట్రూప్ చేసిన ప్రయోగం ప్రసిద్ధం. రంగు ఒకటి చెప్పి మాట ఇంకొకటి చెబితే మెదడు ఇరుక్కుపోతుంది.

పేరా ఒకసారి పూర్తిగా చదివాకే పెన్ను తీయాలి. ఒక పేరాలో ఒక్క వాక్యానికి మించి రంగు పడకూడదు. ఏ వాక్యమో ఎంచుకోవాల్సింది పిల్లవాడే. మీరు గీసిచ్చిన రంగు మీ ఏకాగ్రతకు గుర్తు, వాడిది కాదు. తర్వాత పుస్తకం మూసి, రంగు వేసింది ఏమిటో చెప్పమనండి. తెల్ల కాగితం మీద పసుపు అక్షరాలు కనపడవు. పసుపు వెనక ఉండాలి, అక్షరం నల్లగా ఉండాలి. మగపిల్లల్లో కొందరికి ఎరుపు, ఆకుపచ్చ తేడా తెలియదు. ఆ రెండింటి మీద ఆధారపడే ముందు కంటి డాక్టరుకు చూపించండి. రంగుతోపాటు గీతో, గుండ్రమో కూడా ఉంటే ఇంకా మంచిది. కంప్యూటర్ మీద చదివేవాళ్లకు మైక్రోసాఫ్ట్ ఇమ్మర్సివ్ రీడర్‌లో నామవాచకాలకో రంగు, క్రియలకో రంగు వేసి చూపే ఏర్పాటు, ఒక్క లైనే కనపడేలా మిగతాది చీకటి చేసే ఏర్పాటు ఉచితంగానే ఉన్నాయి.

రెండు వారాలు చేసి చూడండి. రంగుతో ఒక పేజీ, రంగు లేకుండా ఒక పేజీ చదివించి, ఎంతసేపు పట్టింది, ఎంత గుర్తుంది అని ఒక నోట్‌బుక్‌లో రాయండి. పనికొస్తే ఉంచండి, లేకపోతే మానేయండి. ఆ నోట్‌బుక్‌ను బడి సమావేశానికి తీసుకెళితే మీ మాటకు బలం వస్తుంది.

గుడికీ గుడ్డికీ మధ్య

మన భాష బడులకు కూడా ఒక విన్నపం. సిలికానాంధ్ర మనబడి 2007లో మొదలైన దగ్గర్నుంచి వారాంతాల్లో తెలుగు నేర్చుకునే పిల్లలు ఊరూరా కనిపిస్తున్నారు. ఇంగ్లీషు అక్షరాలు ఒకదాని పక్కన ఒకటి వరసగా నిలబడతాయి. తెలుగులో అలా కాదు. దీర్ఘం పైన, వత్తు కింద, గుణింతపు గుర్తు నెత్తి మీద. 'కలం'కీ 'కాలం'కీ తేడా ఒక్క గీత. 'గుడి'కీ 'గుడ్డి'కీ తేడా కింద వేలాడే చిన్న వత్తు. ఏకాగ్రత ఇబ్బంది ఉన్న పిల్లవాడు ఆ వత్తును చూడకుండా దాటేస్తాడు. క్లాసంతా నవ్వుతుంది. మరుసటి ఆదివారం నుంచి వాడు రానంటాడు. తెలుగు మీద ఇష్టం లేక కాదు, నవ్వు భరించలేక.

మొదటి ఏడాది వాచకంలోనైనా వత్తులకు ఒక రంగు, దీర్ఘాలకు ఇంకో రంగు వేసి అచ్చేస్తే పోయేదేముంది? అచ్చు వీలుకాకపోతే టీచర్లు బోర్డు మీద రెండు రంగుల మార్కర్లు వాడవచ్చు. ఇది ఒక్కరిద్దరి కోసం చేసే ఉపకారం కాదు. ఇంట్లో ఇంగ్లీషే వినే పిల్లలందరికీ పనికొస్తుంది. రెండో ఏడాదికి రంగు తగ్గిస్తూ, మూడో ఏడాదికి నల్లక్షరాలకు అలవాటు చేయవచ్చు. ఇంకా అవసరమున్న పిల్లవాడికి ఉంచాలి. ఆ విషయం వాణ్ణి పక్కకు పిలిచి అడగాలి, నలుగురి ముందు కాదు.

కళ్లద్దాలు పెట్టుకున్న పిల్లవాణ్ణి 'అద్దాలు తీసేసి పట్టుదలతో చదువు' అని ఎవరూ అనరు. రంగు గీత పెట్టుకుని చదివేవాణ్ణి మాత్రం అంటున్నాం. ఆ మాట మానుకోవాలి. అలాగే అద్దాలు కొనిచ్చి కంటి పరీక్ష వద్దనేవాళ్లు కూడా ఉండరు. హైలైటర్లు కొనిచ్చి ఏకాగ్రత పరీక్ష వద్దనడం సరిగ్గా అలాంటిదే.

హైలైటర్ల డబ్బా బల్ల మీద ఉంది, మంచిదే. వాడనివ్వండి. ఈ రాత్రి పిల్లలు నిద్రపోయాక ఆ సొరుగు తెరవండి. మడిచి పెట్టిన ఉత్తరం రెండో సగం కూడా చదవండి. సంతకం పెట్టాల్సిన చోట బహుశా టీచర్ అప్పటికే రంగు పెన్నుతో గుర్తు పెట్టి ఉంటుంది.